నవల సగంలో ఆగిపోతే ఏ దారి పట్టాలి?

మొదటి మూడు అధ్యాయాలు పరుగెత్తుతాయి. పాత్రలు వాటంతట అవే మాట్లాడతాయి. రాత్రి పన్నెండు దాటినా నిద్ర రాదు. తర్వాత ఎక్కడో ఒకచోట కలం ఆగుతుంది. రోజూ ఫైలు తెరుస్తాం, చివరి పేరా చదువుతాం, ఒక మాట మార్చి మూసేస్తాం. పది రోజులు ఇలా గడిచాక ఫైలు తెరవాలంటేనే మనసొప్పదు. ఇంట్లో ఎవరైనా “నవల ఎంతవరకు వచ్చింది?” అని అడిగితే ఆ పూటంతా బరువుగా ఉంటుంది.

నా మొదటి నవల ఏడో అధ్యాయం దగ్గర పదకొండు నెలలు ఆగింది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఎవరిని అడిగినా ఒక సలహా ఇచ్చారు. రోజూ రాయమన్నారు, కొన్నాళ్ళు వదిలెయ్యమన్నారు, ముందు ప్లాను వేసుకోమన్నారు, బాగా చదవమన్నారు. అన్నీ మంచి సలహాలే, కానీ ఒకదానితో ఒకటి పొసగవు. రోజూ రాయడం, కొన్నాళ్ళు వదిలెయ్యడం రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి? ఏ సలహా ఎవరికి పనికొస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ లోటు తీర్చాలనే ఇది రాస్తున్నాను. మొదటి నవల రాస్తూ మధ్యలో చిక్కుకున్నవాళ్ళ కోసం.

## ముందు చూడాల్సింది: కలం ఎందుకు ఆగింది?

ఇలా రాయలేక ఆగిపోవడాన్ని ఇంగ్లీషులో రైటర్స్ బ్లాక్ అంటారు. ఆ పేరును 1940లలో ఎడ్మండ్ బెర్గ్లర్ అనే మనోవిశ్లేషకుడు ప్రచారంలోకి తెచ్చాడు. పేరు ఒకటే కావడంతో జబ్బు కూడా ఒకటే అనుకుంటాం. నిజానికి ఇది జ్వరం లాంటిది. ఒళ్ళు కాలడం అందరికీ ఒకేలా ఉంటుంది, కారణాలు మాత్రం వేరు. నాకు తెలిసినంతలో నవల రాసేవాళ్ళ కలం నాలుగు కారణాలతో ఆగుతుంది.

మొదటిది సరుకు లేకపోవడం. కథ తెలుసు, కానీ ఆ కథ జరిగే చోటు తెలియదు, అక్కడి పని తెలియదు, అక్కడివాళ్ళ మాట తెలియదు. రెండోది దారి తెలియకపోవడం. అంటే తర్వాత ఏం జరగాలో తేలకపోవడం. మూడోది భయం. నాలుగోది అలసట.

మీది ఏదో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కాగితం తీసుకుని “తర్వాతి సన్నివేశంలో ఏం జరుగుతుంది?” అన్న ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాయండి. జవాబు రాకపోతే మీకు దారి తెలియలేదు. వస్తే ఇంకో ప్రశ్న వేసుకోండి: “ఆ సమయంలో వాళ్ళ చేతులు ఏం పని చేస్తున్నాయి?” అమ్మా కూతురూ గొడవపడుతున్నారని మీకు తెలుసు. అయితే గొడవ పడుతూ బియ్యం ఏరుతున్నారా, బట్టలు మడతపెడుతున్నారా, ఆసుపత్రి వరండాలో చీటీ పట్టుకుని వరసలో నిలబడ్డారా? అది కనిపించకపోతే మీకు సరుకు తక్కువైంది. రెండూ తెలిసి, స్నేహితుడికి పూసగుచ్చినట్టు చెప్పగలిగి, కాగితం మీద మాత్రం పెట్టలేకపోతున్నారంటే అది భయం. అసలు ఈ ప్రశ్నలు వేసుకోవడానికే ఓపిక లేకపోతే అది అలసట.

భయం గురించి ఇంకొంచెం చెప్పాలి. 1980లో మైక్ రోజ్ అనే పరిశోధకుడు లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పదిమంది విద్యార్థులను పరిశీలించాడు. ఐదుగురు రాయలేక ఆగిపోయేవాళ్ళు, ఐదుగురు హాయిగా రాసేవాళ్ళు. ఆగిపోయేవాళ్ళకు తెలివి తక్కువేమీ కాదు. ప్రతి వాక్యం మొదటిసారే తప్పుల్లేకుండా రావాలి, మొదటి పేరాయే పాఠకుడిని కట్టిపడెయ్యాలి వంటి నియమాలను వాళ్ళు సడలించుకోలేకపోయారు, అంతే. మిగతా ఐదుగురికీ నియమాలు ఉన్నాయి, కానీ అవసరమైతే వాటిని పక్కన పెట్టేవాళ్ళు.

మన యువ రచయితలకు ఇంకో నియమం కూడా పట్టుకుంది. అది భాష గురించి. ఇంగ్లీషు మాధ్యమంలో చదివి తెలుగులో నవల రాయాలనుకునే అమ్మాయికి ప్రతి వాక్యం దగ్గరా ఒక సందేహం: “ఇది సరైన తెలుగేనా? మా ఊరి మాట రాస్తే నవ్వుతారా? పుస్తకాల భాష రాస్తే కృతకంగా ఉంటుందా?” అలా తన గొంతును తానే అనుమానిస్తూ కూర్చునేవాళ్ళకు ఊహ కొరవడలేదు. అనుమతి కొరవడింది. ఈ తేడా గుర్తించకుండా “ఇంకా బాగా చదువు” అని సలహా ఇస్తే భయం పెరుగుతుందే తప్ప తగ్గదు.

కారణం తేలాక చూడాల్సినవి ఇంకో మూడే. మీ చేతిలో రోజుకు ఎంత సమయం ఉంది, ఈ దారిలో రాసినది తర్వాత ఎంత తిరగరాయాల్సి వస్తుంది, ఈ దారి మీ గొంతును ఏం చేస్తుంది. చివరిది చాలామంది పట్టించుకోరు. నేను మాత్రం దానికే ఎక్కువ విలువ ఇస్తాను.

| దారి | ఏ కారణానికి మందు | ఎవరికి పడదు | కావాల్సిన సమయం | తిరగరాత భారం |
|---|---|---|---|---|
| రోజూ ఇన్ని పుటలు | భయం | సరుకు లేనివాళ్ళకు, అలసినవాళ్ళకు | రోజూ గంట | చాలా ఎక్కువ |
| వెనక్కి వెళ్ళి ప్రణాళిక | దారి తెలియకపోవడం | భయపడేవాళ్ళకు | నాలుగైదు పూటలు | తక్కువ |
| వెళ్ళి చూడటం | సరుకు లేకపోవడం | రాయకుండా తప్పించుకునేవాళ్ళకు | ఒకటి రెండు రోజులు, ప్రయాణ ఖర్చు | తక్కువ |
| చెప్పి రాయడం | భయం, ముఖ్యంగా భాష భయం | ఇంట్లో ఏకాంతం లేనివాళ్ళకు కష్టం | రోజూ పావుగంట | మధ్యస్థం |
| ధారావాహిక | వాయిదా వేసే అలవాటు | దారి తెలియనివాళ్ళకు | వారానికి ఒక అధ్యాయం | తిరగరాయడం కష్టం |
| విరామం | అలసట | మిగతా అందరికీ | తేదీ పెట్టుకున్నంత | లేదు |

## రోజూ ఇన్ని పుటలు

అందరికంటే ఎక్కువ వినిపించే సలహా ఇదే. దీని వెనక గట్టి ఉదాహరణలే ఉన్నాయి. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంటొనీ ట్రొలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే, తెల్లవారుజామున ఐదున్నరకు బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవాడు. అమెరికన్ నవలాకారుడు హెమింగ్‌వే ఇంకో కిటుకు చెప్పాడు. తర్వాత ఏం జరుగుతుందో తెలిసి ఉండగానే ఆ రోజు రాత ఆపెయ్యాలి. మర్నాడు మొదలుపెట్టడం తేలికవుతుంది. ఈ రెండోది ఎవరికైనా పనికొస్తుంది, ఈ వేళే మొదలుపెట్టవచ్చు.

అయితే లెక్క విషయంలో మనవాళ్ళు ఒక పొరపాటు చేస్తున్నారు. 1999లో అమెరికాలో 21 మందితో మొదలైన నవంబరు నవలా రచన కార్యక్రమం నెలకు 50,000 మాటలు అన్న లక్ష్యాన్ని ప్రపంచమంతా పాకించింది. అంటే రోజుకు దాదాపు 1,667. దాన్ని తెలుగుకు అలాగే తెచ్చుకుని, అందుకోలేక, తమకు రాయడం చేతకాదని కుంగిపోయినవాళ్ళు నాకు తెలుసు. మన భాష తీరు వేరు. “వెళ్ళలేకపోయినవాళ్ళకి” అన్నది మనకు ఒక్క మాట. అదే సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే ఐదారు మాటలు కావాలి. కాబట్టి మాటలు లెక్కపెట్టకండి, పుటలు లెక్కపెట్టండి. పొడవాటి నోటుపుస్తకంలో రోజుకు ఒక పుట చాలు. అలా రాస్తే ఏడు నెలలు తిరిగేసరికి రెండు వందల పుటలు దాటుతాయి. మొదటి నవలకు అది తక్కువేమీ కాదు.

ఈ దారి భయానికి బాగా పనిచేస్తుంది. ఈ రోజు పుట బాగుండాలన్న షరతు లేదు, నిండితే చాలు. పదిహేను రోజులు చెత్త పుటలు నింపినవాడికి చెత్త అంటే భయం పోతుంది. కానీ సరుకు లేనివాడు ఇదే పని చేస్తే గాలి పోగవుతుంది. నేను నాలుగు నెలలు అలా రాశాను. నూట పది పుటలు వచ్చాయి. పాత్రలు కాఫీ తాగాయి, కిటికీలోంచి వాన చూశాయి, గతం తలచుకున్నాయి. వాటిలో ఒక్క పుట కూడా నవలలో మిగల్లేదు. చెయ్యి ఆడుతోంది కదా అన్న తృప్తితో అసలు లోపం ఏమిటో నాలుగు నెలలు చూడలేకపోయాను.

## వెళ్ళి చూడటం

నా ఏడో అధ్యాయంలో కథానాయకుడి తండ్రి మిరపకాయలు అమ్ముకోవడానికి గుంటూరు యార్డుకు వెళ్ళాలి. అక్కడ ఒక రాత్రి గడపాలి. మర్నాడు ఇంటికి వచ్చేసరికి మనిషి మారిపోయి ఉండాలి. కథంతా ఆ రాత్రి మీద నిలబడింది. ఆ రాత్రిని నేను పదకొండు నెలల్లో ఆరుసార్లు రాశాను. ఆరుసార్లూ “ఆయన దిగులుగా కూర్చున్నాడు” అన్న దగ్గర ఆగిపోయాను. దిగులు తర్వాత ఏమిటి? నాకు తెలియదు. నేను యార్డు ఎప్పుడూ చూడలేదు. ఊళ్ళో మిరప చేలు చూశాను, కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు చూశాను. టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, లారీ ఎక్కాక ఏమవుతుందో నాకు తెలియదు.

ఒక మార్చి నెలలో వెళ్ళాను. యార్డు గేటు దాటగానే ఘాటుకు దగ్గు మొదలైంది. చేతిరుమాలు ముక్కుకు కట్టుకుని రాత్రంతా అక్కడే తిరిగాను. తేజ రకం, 334 రకం, వాటి మధ్య ధర తేడా, రంగు పోయిన తాలుకాయలు ఎక్కువైతే వచ్చే ఇబ్బంది, కమిషన్ ఏజెంటుకూ రైతుకూ ఏళ్ళ తరబడి నడిచే అప్పు లెక్కలు, ఇవన్నీ అడిగితే చెప్పారు. కానీ నా నవలను కదిలించింది అడిగి తెలుసుకున్నది కాదు. ఒక పెద్దాయన తన టిక్కీల మీదే పడుకుని నిద్రపోయాడు. తెల్లవారగానే లేచి, ముఖం కూడా కడుక్కోకుండా, మూతి విప్పిన టిక్కీలో పైపైన కనిపించే తెల్లటి తాలుకాయలు ఒక్కొక్కటీ ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఎవరూ చూడటం లేదనుకున్నాడు. జేబు నిండాక దాని మీద తువ్వాలు కప్పుకున్నాడు.

ఇంటికి వచ్చి ఆ జేబు నుంచి మొదలుపెట్టాను. ఏడో అధ్యాయం తొమ్మిది రోజుల్లో పూర్తయింది.

అందుకే నా మాట స్పష్టంగా చెబుతున్నాను. ఇరవైల్లో ఉన్న నవలాకారుడి కలం ఆగితే ముందుగా అనుమానించాల్సింది సరుకునే. ఆ వయసుకు మనం చూసిన లోకం చిన్నది. ఇల్లు, బడి, హాస్టలు, కాలేజీ, ఇప్పుడిప్పుడే ఒక ఆఫీసు. కథ మాత్రం ఆ గోడలు దాటి వెళ్ళాలంటుంది. గోడ దగ్గర కలం ఆగడం న్యాయమే.

ఎలా వెళ్ళాలి? కథ మొత్తానికి పరిశోధన చెయ్యకండి, ఆగిన సన్నివేశానికి మాత్రమే వెళ్ళండి. రిజిస్ట్రారు ఆఫీసు వరండా అయినా, మగ్గం గుంట అయినా, శ్మశానం కాపరి గది అయినా ఒక పూట చాలు. అక్కడ మీ కథ చెప్పకండి, వాళ్ళ పని గురించి అడగండి. తన పని గురించి అడిగితే మాట్లాడని మనిషి అరుదు. పనిముట్ల పేర్లు, తిట్లు, రోజులో ఏ వేళకు ఏం చేస్తారన్నది రాసుకోండి. ఫొటోలు తక్కువ తీయండి, వాసనలు ఎక్కువ రాసుకోండి. ఎవరి సొంత సంగతినైనా కథలోకి తెస్తే ఆ మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా మార్చండి. వాళ్ళు మనల్ని నమ్మి చెప్పారు.

దీనిలోనూ ఒక ప్రమాదం ఉంది. కొందరికి వెళ్ళడమే వ్యసనమవుతుంది. మూడు నోటుపుస్తకాలు నిండుతాయి, అధ్యాయం మాత్రం మొదలవదు. వెళ్ళి వచ్చిన రోజు రాత్రే, ఎంత అలసినా, ఒక పుట రాయాలన్న నియమం పెట్టుకోండి. ఆ పుట రాలేదంటే మీకు కావాల్సింది ఇంకో ప్రయాణం కాదు. మీ కారణం వేరే ఉంది.

## వెనక్కి వెళ్ళి ప్రణాళిక వేసుకోవడం

తర్వాత ఏం జరగాలో తేలనివాళ్ళు ముందుకు చూస్తూ తల పట్టుకుంటారు. తప్పు చాలాసార్లు వెనక ఉంటుంది. కథ తొమ్మిదో అధ్యాయంలో ఆగిందంటే ఏడో అధ్యాయంలో ఎవరో చెయ్యకూడని పని చేసి ఉంటారు. ఇల్లు వదిలి వెళ్ళని అమ్మాయిని మనకు కావాలని రైలెక్కించి ఉంటాం. రెండు అధ్యాయాలు ఆ రైలు ఎలాగో నడుస్తుంది, ఆ తర్వాత ఆగుతుంది.

కాబట్టి కొత్త ప్రణాళిక కంటే ముందు పాతదాని లెక్క తీయండి. మా ఇంట్లో పాత పెళ్ళి శుభలేఖలు కట్టలుగా ఉంటాయి. వాటి వెనక వైపు తెల్లగా, మందంగా ఉంటుంది. ఒక్కో అధ్యాయానికి ఒక్కో కార్డు తీసుకుని మూడే సంగతులు రాస్తాను. ఎవరు ఏం కోరుకున్నారు, ఏం చేశారు, దాని వల్ల ఏం మారింది. మూడో గడి ఖాళీగా ఉన్న అధ్యాయం కథను మోయడం లేదన్నమాట. కార్డులు నేల మీద పరిచి చూస్తే రెండు పూటల్లో కథ ఎక్కడ తప్పిపోయిందో కనిపిస్తుంది. అక్కడి నుంచి ముందుకు ఐదు కార్డులు చాలు. చివరి అధ్యాయం దాకా వెయ్యాల్సిన పని లేదు.

ఈ దారితో తిరగరాత భారం బాగా తగ్గుతుంది. పోగొట్టుకునేది ఆశ్చర్యం. అంతా ముందే తేలిపోతే రాయాలన్న ఉత్సాహం చచ్చిపోయే స్వభావం కొందరిది. కథను స్నేహితుడికి పూర్తిగా చెప్పేశాక రాయబుద్ధి కాని అనుభవం మీకుంటే, మీరు ఆ కోవకు చెందినవారే. మీరు మూడు కార్డుల దగ్గర ఆగండి. ఇక భయపడేవాళ్ళకు ఈ దారి అసలు చూపించకూడదు. వాళ్ళు కార్డులు దిద్దుతూనే సంవత్సరం గడుపుతారు.

## చెప్పి రాయడం

మనది చెప్పే సంప్రదాయం. హరికథ, బుర్రకథ, వేసవి రాత్రుల్లో డాబా మీద అమ్మమ్మ చెప్పిన కథ, ఏదీ కాగితం మీద పుట్టలేదు. విశ్వనాథ సత్యనారాయణ 1934లో వేయిపడగలు నవలను తమ్ముడికి చెప్పి రాయించారు. దాదాపు వెయ్యి పుటల ఆ నవల 29 రోజుల్లో పూర్తయిందని ప్రసిద్ధి. రష్యాలో దస్తయెవ్‌స్కీ 1866లో ప్రచురణకర్త గడువు మెడ మీద కత్తిలా ఉండగా ఒక చిన్న నవలను స్టెనోగ్రాఫరు అన్నాకు చెప్పి 26 రోజుల్లో ముగించాడు. వాళ్ళ ప్రతిభ మనకు లేకపోవచ్చు, వాళ్ళు పట్టిన దారి మాత్రం మనకూ తెరిచే ఉంది. పైగా ఇప్పుడు తమ్ముడు కూడా అక్కర్లేదు, ఫోను ఉంది.

భాష భయం ఉన్నవాళ్ళకు నేను మొదట చెప్పే దారి ఇదే. కాగితం ముందు కూర్చుంటే “ఆమె తన యొక్క గతాన్ని స్మరించుకుంది” అని రాసే కుర్రవాడే, ఫోనులో స్నేహితుడికి చెప్పేటప్పుడు “దానికి వాళ్ళ నాన్న సైకిలు గుర్తొచ్చింది” అంటాడు. రెండో వాక్యమే నవల. నోటితో చెప్పినప్పుడు పుస్తకాల భాష దానంతటదే రాలిపోతుంది.

రెండు పద్ధతులున్నాయి. ఫోను కీబోర్డులోని తెలుగు వాయిస్ టైపింగ్ వాడితే మాట వెంటనే అక్షరమవుతుంది. అయితే విరామ చిహ్నాలు సరిగా పడవు, ఊరి పేర్లూ యాసలూ తప్పుగా వస్తాయి. ఆ తప్పులు కళ్ళబడగానే దిద్దడం మొదలుపెడతాం, కథ ఆగుతుంది. అందుకని నేను మామూలు రికార్డింగు చేసుకుంటాను. పావుగంట చెబుతాను, మర్నాడు విని చేత్తో రాసుకుంటాను. రెండింతల పని అనిపిస్తుంది కానీ విని రాసేటప్పుడే మొదటి సవరణ కూడా జరిగిపోతుంది. అందులోనూ వర్ణనలు పలచబడతాయి, సంభాషణలు ఎక్కువవుతాయి. ఆ లోటు తర్వాత పూడ్చుకోవాలి.

## ధారావాహిక

కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1878లో ఆయన సొంత పత్రిక వివేకవర్ధనిలో ధారావాహికగా మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు తెలుగు నవలను వారపత్రికల గడువులే నడిపించాయి. ఇప్పుడు ప్రతిలిపి వంటి ఆన్‌లైన్ వేదికలు ఉన్నాయి కాబట్టి ఎవరి అనుమతీ లేకుండా వారానికో భాగం పెట్టవచ్చు. పాఠకుడు ఎదురుచూస్తుంటే వాయిదా వేసే అలవాటు తగ్గుతుంది, అది నిజం. కానీ దారి తెలియనివాళ్ళు ఇందులోకి దిగకూడదు. నాలుగో భాగంలో చంపేసిన పాత్ర పదో భాగంలో అవసరమైతే చేసేదేమీ ఉండదు. వ్యాఖ్యలు చూసి కథను మలుపు తిప్పాలన్న ఒత్తిడి కూడా చిన్నది కాదు. పది భాగాలు చేతిలో ఉంచుకుని మొదటిది పెట్టండి. ఆ పది భాగాలు లేకపోతే ఇంకా ఆగండి.

## విరామం, నడక, చదువు

విరామం అలసటకు తప్ప దేనికీ మందు కాదు. పరీక్షలు, రాత్రి షిఫ్టులు, ఇంట్లో జబ్బుమనిషి, ఇలాంటివి ఉన్నప్పుడు నవల ఆగితే తప్పు నవలది కాదు. తిరిగి మొదలుపెట్టే తేదీ కాలెండరు మీద రాసి, నిశ్చింతగా పక్కన పెట్టండి. తేదీ లేని విరామానికి నేను భయపడతాను.

నడక సంగతి కొంచెం వేరు. 2014లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుగు ప్రయోగాలు చేసి, కూర్చున్నప్పటి కంటే నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువగా వస్తాయని చూపించారు. గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఆ ఫలితమే వచ్చింది. అయితే ఒకే సరైన జవాబు వెతకాల్సిన పనికి నడక సాయపడలేదు. నవలకు అన్వయిస్తే, కథ ఎటు వెళ్ళగలదో పది దారులు నడకలో దొరుకుతాయి, వాటిలో ఒకటి ఎంచుకోవడానికి మళ్ళీ కార్డుల ముందు కూర్చోవాల్సిందే.

చదువు గురించి ఒక్క మాట. ఆగిపోయిన కాలంలో మీ నవలకు దగ్గరగా ఉండే నవలలు చదవకండి, వాళ్ళ గొంతు మీకు అంటుకుంటుంది. ఆత్మకథలు, యాత్రా కథనాలు, కోర్టు తీర్పులు, పాత ఉత్తరాలు చదవండి.

తర్వాతి పేరా రాసిపెట్టమని కంప్యూటరును అడిగేవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. సందేహాలు అడగడం వరకు నాకు అభ్యంతరం లేదు. కానీ మొదటి నవల రాసేది మన గొంతు ఏదో కనుక్కోవడానికి. ఆగిన చోట కష్టపడి దాటిన పేరాలోనే అది దొరుకుతుంది. ఆ పేరాను వేరే చేతికి ఇవ్వకండి.

## మీరు ఎవరు?

హాస్టల్లో ఉండి చదువుకుంటున్న విద్యార్థికి సమయం ముక్కలుగా దొరుకుతుంది, ఏకాంతం దొరకదు. కార్డులు జేబులో పెట్టుకోండి, పుట లెక్క సెలవుల్లో పెట్టుకోండి. పరీక్షల నెలలో నవల ముట్టుకోకండి.

ఉద్యోగంలో కొత్తగా చేరి, రోజుకు రెండు గంటలు బస్సులోనో మెట్రోలోనో గడిపేవాళ్ళు దిగాక ఇంటిదాకా నడిచే పావుగంటలో కథ చెప్పుకోండి. రాత్రి భోజనమయ్యాక బల్ల ముందు కూర్చునే శక్తి మీకుండదు. లేనిదాన్ని ఉందనుకుని లక్ష్యం పెట్టుకుంటే మూడో రోజుకే మానేస్తారు.

చంటిపిల్లల తల్లులకు గంటసేపు కూర్చొనే వీలు అసలు ఉండదు. పుట కాదు, పేరా లెక్క పెట్టుకోండి. హెమింగ్‌వే కిటుకు మీకే అందరికంటే ఎక్కువ పనికొస్తుంది. పాప లేచి ఏడ్చిన క్షణంలో తర్వాతి వాక్యంలోని రెండు మాటలు రాసి లేవండి.

బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటూ తన ఊరి గురించి రాసేవాళ్ళకు సరుకు కరువు తప్పదు. ఊరు జ్ఞాపకంలో ఆగిపోయి ఉంటుంది. మీ నవల వర్తమానంలో నడిచేదైతే ఆదివారం ఫోను చేసినప్పుడు “బాగున్నారా” దగ్గర ఆగకుండా, ఇవాళ పొలంలో ఎవరు పనికి వచ్చారు, కూలి ఎంత, ఏ కొట్టు మూతపడింది అని అడగండి. లేదా కథను మీరు వదిలివచ్చిన సంవత్సరానికే మార్చండి. ఆ ఒక్క మార్పుతో కదిలిన నవలలున్నాయి. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంస్థల నవలల పోటీల కోసం రాస్తుంటే గడువుకు రెండు నెలల ముందు మొదటి ప్రతి అయిపోవాలి. ఆ లెక్కలో పుటల దారి తప్ప వేరే దారి లేదు. సరుకు ముందే చేతిలో ఉంటేనే పోటీకి దిగండి.

ఇంకొందరు ఉన్నారు. రాత ఒక్కటే కాదు, తిండి, నిద్ర, మనుషులు, ఏదీ వారాల తరబడి రుచించడం లేదంటే అది నవల సమస్య కాదు. డాక్టరును కలవండి. ఎవరితో మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నవల ఎక్కడికీ పోదు.

ఏ దారి ఎంచుకున్నా మూడు వారాలు ఇవ్వండి. మూడు రోజులకే మారిస్తే ఏదీ పనిచెయ్యలేదనిపిస్తుంది. మూడు వారాల్లో ఒక్క సన్నివేశం కూడా పూర్తికాకపోతే మీరు కారణం తప్పుగా గుర్తించారు. పరీక్ష మళ్ళీ మొదటి నుంచి రాయండి. ఒకే నవల రెండుసార్లు ఆగితే రెండుసార్లూ ఒకే కారణం ఉండాలని లేదు.

నాకు ఏడో అధ్యాయం అయిన నెలకు, తొమ్మిదో అధ్యాయం మధ్యలో కలం మళ్ళీ ఆగింది. అలవాటు కొద్దీ గుంటూరు బస్సుల వేళలు చూశాను. తర్వాత కాగితం తీసి మొదటి ప్రశ్నకు జవాబు రాయబోయాను, రాలేదు. బీరువాలోంచి శుభలేఖల కట్ట తీసి నేల మీద పరిచాను.